సామల్లో గిలిగిచ్చ గింజ, డీఎన్‌ఏలో పడే కుట్టు

గిలిగిచ్చ కాయ బాగా ఎండాక ఊపితే గలగలమంటుంది. లోపలి గింజలు కాయ గోడ నుంచి ఊడి డొల్లలో దొర్లుతుంటాయి. వృక్షశాస్త్రంలో దీని ప్రజాతికి పెట్టిన క్రోటలేరియా అన్న పేరు కూడా గిలక్కాయ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందే. పసుపు పూలు, ఉబ్బిన కాయ, మూత్రపిండం ఆకారంలో నున్నటి గింజ. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇసుక నేలల్లో, చెరువు గట్ల మీద, మెట్ట చేలల్లో కలుపుగా దీన్ని చూడనివాళ్లు తక్కువ. వరి మళ్లలో పచ్చిరొట్టకీ పశువుల మేతకీ చల్లే జనుము దీనికి సొంత చుట్టం. రెండూ ఒకే ప్రజాతి.

ఈ ప్రజాతిలో చాలా మొక్కలు పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలను తయారు చేసుకుంటాయి, ఎక్కువగా గింజల్లో దాచుకుంటాయి. వేరే కుటుంబానికి చెందిన తేలుమణి కూడా అంతే. తేలు కొండిలా వంకర తిరిగిన పూల కంకి ఉంటుంది చూడండి, కొందరు నాగదంతి అంటారు, అదే. ఇంట్లో వాసనకే పనికిరాదని పీకి పారేసే పుంపుల్లు మొక్కలోనూ ఉన్నాయి. మొక్కకి ఇవి పురుగుల మీద ఆయుధం. మనకి మాత్రం ఇవి కాలేయాన్ని పాడుచేసేవి, డీఎన్‌ఏని కుట్టేసేవి.

విషపు మొక్క అనగానే మనకి గుర్తొచ్చేవి ఉమ్మెత్త, గన్నేరు, నాభి. అవి గంటల్లో తేల్చేస్తాయి. ఒకటి మతి తప్పిస్తుంది, ఒకటి గుండెని పట్టుకుంటుంది. ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వండుకు తినరు. గిలిగిచ్చ అలా కాదు. తిన్నరోజు ఏమీ జరగదు, మర్నాడూ ఏమీ జరగదు. వారాలు గడిచాక కడుపు ఉబ్బుతుంది. అప్పటికి తిన్నదేంటో ఎవరికీ గుర్తుండదు. నా దృష్టిలో దీని అసలు ప్రమాదం ఈ ఆలస్యమే.

ఇంకో తిరకాసు ఉంది. ఈ ఆల్కలాయిడ్ ఉన్నదున్నట్టుగా డీఎన్‌ఏని ముట్టదు. గిలిగిచ్చ జాతుల్లో దొరికే ఇలాంటి ఆల్కలాయిడ్ ఒకటి మోనోక్రోటలిన్. గాజు గొట్టంలో దాన్నీ డీఎన్‌ఏనీ కలిపి ఎంతసేపు ఉంచినా పెద్దగా ఏమీ జరగదు. అందులో కాలేయపు ఎంజైములు వేస్తే కథ మారిపోతుంది. ఆయుధం మొక్కదే, పదును పెట్టేది మన కాలేయం.

ఆ పదును ఎలా పడుతుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. ఈ అణువు నడుమ భాగం ఉమ్మడి గోడ ఉన్న రెండు ఇళ్లలా ఉంటుంది. రెండూ ఐదు మూలల వలయాలే. ఉమ్మడి గోడకి ఒక కొసన నైట్రోజన్, రెండో కొసన 8వ కార్బన్. ఒక వలయంలో 1, 2 కార్బన్ల మధ్య జంట బంధం ఉంటుంది. 7వ కార్బన్ దగ్గరా, 9వ కార్బన్ దగ్గరా ఆమ్లపు తోకలు అతికి ఉంటాయి. మోనోక్రోటలిన్‌లో ఆ రెండు తోకలూ కలిసి మళ్లీ ఒక పెద్ద వలయం అవుతాయి. 1, 2 మధ్య ఆ జంట బంధం లేని చుట్టాలు కూడా మొక్కల్లో ఉన్నాయి. వాటితో ఈ బాధ దాదాపు లేదు. అంటే విషమంతా ఆ ఒక్క జంట బంధాన్ని పట్టుకుని ఉంది.

కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము ఉంది. మనం మింగే మాత్రల్లో చాలావాటిని కరిగించి బయటికి పంపేది అదే. కొత్త అణువు ఏది కనిపించినా ఒక ఆక్సిజన్ తగిలించి నీళ్లలో కరిగేలా చేయడం దాని పని. ఇక్కడ కూడా మంచి ఉద్దేశంతోనే 8వ కార్బన్ దగ్గరో 3వ కార్బన్ దగ్గరో ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. ఆ ఆక్సిజన్ నీటి అణువుగా ఊడిపోతూ పోతూ జంట బంధమున్న వలయాన్ని పైరోల్ వలయంగా మార్చేస్తుంది. పైరోల్‌లోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్లను లోపలికి నెడుతుంది. దాంతో 7, 9 కార్బన్ల దగ్గరున్న తోకలు సులువుగా రాలిపోతాయి. తోక రాలిన చోట ఎలక్ట్రాన్ల కోసం వెంపర్లాడే కార్బన్ మిగులుతుంది. ఒకే అణువుకి అలాంటి కొక్కేలు రెండు.

ఈ స్థితిలో దాని ఆయుష్షు సెకన్లలో ఉంటుంది. నీళ్లు తగిలితే నీళ్లతో, ప్రోటీను తగిలితే ప్రోటీనుతో, డీఎన్‌ఏ తగిలితే డీఎన్‌ఏతో అతుక్కుపోతుంది. అందుకే దెబ్బంతా పుట్టిన చోటే, కాలేయంలోనే పడుతుంది. మోనోక్రోటలిన్ నుంచి పుట్టినది మాత్రం కొంత రక్తంలో ఊపిరితిత్తుల దాకా పోగలదు. ప్రయోగశాలల్లో ఎలుకలకి ఊపిరితిత్తుల రక్తపోటు తెప్పించడానికి దశాబ్దాలుగా మోనోక్రోటలిన్‌నే వాడుతున్నది ఇందుకే.

డీఎన్‌ఏ రాత నాలుగు అక్షరాలది: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అందులో మొదటి కొక్కెం ఎక్కువగా గ్వానిన్ మీద, అంచుకి బయటికి పొడుచుకొచ్చిన అమైనో గుంపును పట్టుకుంటుంది. కొన్నిసార్లు అడెనిన్ మీదున్న అలాంటి గుంపును. ఒక్క కొక్కెమే తగులుకుంటే అక్కడొక బొడిపె మిగులుతుంది. కణం విభజనకి ముందు ఆ పోగును నకలు తీసుకునేటప్పుడు బొడిపె దగ్గర తప్పు అక్షరం పడొచ్చు. రిడెల్లిన్ అనే ఆల్కలాయిడ్ తిన్న ఎలుకల కాలేయంలో గ్వానిన్ ఉండాల్సిన చోట థైమిన్ వచ్చిన మార్పులే ఎక్కువగా కనిపించాయి.

రెండో కొక్కెం కూడా తగులుకుంటే వ్యవహారం ముదురుతుంది. జనుము నారతో రెండు పాయలు పేనిన తాడు ఊహించుకోండి. దాన్ని నకలు తీయాలంటే ముందు పాయలు విడదీయాలి. ఎక్కడో ఒకచోట గోనె సూదితో రెండు పాయలనీ కలిపి కుట్టేస్తే అంతవరకే విడుతుంది, ఆపైన బిగుసుకుంటుంది. సైటోసిన్, గ్వానిన్ పక్కపక్కనే ఉన్నచోట ఎదుటి పోగులో కూడా అదే జత తలకిందులుగా ఉంటుంది కదా. అక్కడ రెండు గ్వానిన్లూ సరిగ్గా కుట్టు పడే దూరంలో దొరుకుతాయి. కణం మరమ్మతు చేసుకోవాలంటే రెండు పాయలనీ కోసి అతకాలి. అది చాలా కష్టమైన మరమ్మతు.

ఇలా కుట్లు పడిన కాలేయ కణాలు విభజన కాలేక, చావలేక, ఉబ్బుతూ పోతాయి. కేంద్రకం కూడా పెద్దదవుతుంది. పశువుల కాలేయాన్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఈ రాక్షస కణాలు కనిపిస్తే పశువైద్యులు ముందు అనుమానించేది ఈ ఆల్కలాయిడ్లనే.

అలాగని రోగి కడుపులో నీరు చేరడానికి కారణం డీఎన్‌ఏ ఒక్కటే అనడం సరికాదు. అది కాలేయంలో సన్న రక్తనాళాల లోపలి పొర చచ్చి, రాలి, దారులు పూడుకుపోవడం వల్ల వచ్చేది. అందులో ప్రోటీన్లకి తగిలిన దెబ్బ వాటా పెద్దది. డీఎన్‌ఏకి తగిలిన దెబ్బ ఏళ్ల తరబడి నిలబడేది, క్యాన్సర్ వైపు తీసుకెళ్లేది. మోనోక్రోటలిన్, రిడెల్లిన్, లాసియోకార్పిన్ అనే ఈ మూడు ఆల్కలాయిడ్లూ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం (ఐఏఆర్‌సీ) వేసిన, మనుషుల్లో క్యాన్సర్ తేగల అవకాశమున్న 2బీ జాబితాలో ఉన్నాయి.

కణానికి రక్షణ లేకపోలేదు. గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఆ కొక్కేలకి తనే ముందు తగులుకుని డీఎన్‌ఏని కాపాడుతుంది. కానీ దాని తయారీకి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, అంటే పప్పో గుడ్డో చేపో తినాలి. కరువు నెలల్లో వట్టి అంబలితో గడిపే ఇంట్లో ఆ నిల్వ తక్కువ. పిల్లల్లో ఇంకా తక్కువ. కలుపు గింజలు ఎక్కువగా కలిసేదీ ఆ కరువు పంటలోనే.

ఇది ఊహ కాదు. 1970ల నడుమ అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో, ఇప్పుడది ఛత్తీస్‌గఢ్, గిరిజన పల్లెల్లో ఉన్నట్టుండి కడుపు ఉబ్బు రోగం వచ్చింది. 1976లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన లెక్క ప్రకారం 67 మందికి సోకింది, 28 మంది పోయారు. తీరా చూస్తే వాళ్లు తింటున్న గోండ్లి ధాన్యంలో క్రోటలేరియా జాతి గింజలు కలిసి ఉన్నాయి. గోండ్లి అంటే ఇంకేదో కాదు, మన సామలే. అదే కాలంలో అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ ప్రాంతంలో రెండేళ్ల కరువు తర్వాత గోధుమల్లో తేలుమణి జాతి గింజలు కలిశాయి. అక్కడ 7,200 మందిని పరీక్షిస్తే 22.6 శాతం మందిలో కాలేయం చెడిన ఆనవాళ్లు కనిపించాయి.

సామలూ చోళ్లూ గంటెలూ ఇప్పుడు మళ్లీ పట్నం వంటిళ్లలోకి వస్తున్నాయి. మంచిదే. అయితే కొండ వాలుల్లో చల్లి, కలుపుతో సహా కోసి, కల్లంలో నూర్చిన సామలు నేరుగా సంచిలోకి వెళ్తే ఏం కావచ్చో సర్గుజా చెప్పింది. బియ్యం మిల్లుల్లో ఉండే శుభ్రపరిచే యంత్రాలు చిన్న సామల మరల దగ్గర చాలాచోట్ల ఉండవు.

ఎన్ని గింజలు కలిస్తే ప్రమాదం అంటే ఒక లెక్క వేద్దాం. గిలిగిచ్చ జాతుల్లో గింజ బరువులో 1 శాతం మించి ఆల్కలాయిడ్ ఉన్నవి ఉన్నాయి. లెక్క కోసం గింజ 10 మిల్లీగ్రాములు, అందులో ఆల్కలాయిడ్ 1 శాతం అనుకుందాం. గింజకి 100 మైక్రోగ్రాములు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో ఎలుకల క్యాన్సర్ లెక్కల నుంచి రోజుకి, కిలో శరీర బరువుకి 237 మైక్రోగ్రాములు అనే సంఖ్యని ఆధారంగా తీసుకుంది. డీఎన్‌ఏని దెబ్బతీసే పదార్థాలకి ఇలాంటి సంఖ్యకి పదివేల వంతు దిగువన ఉంటేనే బెంగ తక్కువ అని ఒప్పందం. అంటే 50 కిలోల మనిషికి రోజుకి సుమారు 1.2 మైక్రోగ్రాములు. కిలో సామల్లో ఒక్క గిలిగిచ్చ గింజ ఉండి, ఆ మనిషి రోజుకి 150 గ్రాములు తింటే లోపలికి వెళ్లేది 15 మైక్రోగ్రాములు. పన్నెండు రెట్లు ఎక్కువ. ఇది జీవితాంతం రోజూ తింటే అన్న లెక్క. ఒక పూట తింటే రోగం వస్తుందని కాదు.

రోగం లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున 1988లో వచ్చిన సమీక్ష ప్రకారం మనుషుల్లో కాలేయపు నాళాలు మూసుకుపోవడానికి దారితీసిన అతి తక్కువ మోతాదు రోజుకి కిలో శరీర బరువుకి 0.015 మిల్లీగ్రాములు. నెలల తరబడి తీసుకుంటే. 50 కిలోల మనిషికి అది రోజుకి 750 మైక్రోగ్రాములు. మన లెక్కలో కిలో సామలకి 50 గింజలు, బరువులో అర గ్రాము. కిలోకి అర గ్రాము కలుపు గింజ అంటే 0.05 శాతం. కంటికి ధాన్యం శుభ్రంగానే కనిపిస్తుంది.

ఇక వంటింటి నమ్మకాలు. ఉడికిస్తే పోతుందా? పోదు. అన్నం ఉడికే వేడికి ఈ అణువులు చెక్కుచెదరవు. నీళ్లలో నానబెట్టి వంపేస్తే? గింజ పైపొర గట్టిది, లోపలి ఆల్కలాయిడ్ అంతా బయటికి వచ్చేయదు. అంబలి పులియబెడితే? దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. మొక్కల్లో ఈ ఆల్కలాయిడ్‌లో చాలా భాగం ఎన్-ఆక్సైడ్ రూపంలో, అంటే నైట్రోజన్ మీద ఒక ఆక్సిజన్ అతికిన రూపంలో, ఉంటుంది, అది నీళ్లలో బాగా కరిగేది, పేరుకి తక్కువ హాని చేసేది. కానీ మన పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని తిరిగి అసలు రూపానికి మార్చేస్తుంది. కాబట్టి పరీక్షలో ఎన్-ఆక్సైడ్‌ని లెక్కలోంచి తీసేసిన నివేదిక ఏదైనా చూపిస్తే దాన్ని నమ్మకండి.

ఆపగలిగేది మరలో పడకముందే. చేటతో చెరగడం ఒక్కటీ చాలదు. చేట గాలికి పోయేది పొట్టూ, తాలూ. గిలిగిచ్చ గింజ బరువైనది, నున్నటిది, మంచి ధాన్యంతో పాటే చేటలో మిగిలిపోతుంది. జల్లెడ పని చేస్తుంది కానీ పూర్తిగా కాదు. సామ గింజ 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, పెద్ద గిలిగిచ్చ గింజ 3 నుంచి 5 దాకా. రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రటి కన్నాల జల్లెడ పడితే పెద్దవి పైన ఆగుతాయి. నేలబారున పాకే చిన్న గిలిగిచ్చ జాతుల గింజలు సామంతే ఉంటాయి కాబట్టి అవి కిందికి జారిపోతాయి. వాటిని పట్టాలంటే కన్నే దిక్కు. తెల్లటి పళ్లెంలో ఒక గుప్పెడు పలచగా పరిచి ఎండలో చూడాలి. సామ గింజ కోలగా, గీతలతో, మట్టిరంగుగా ఉంటుంది. గిలిగిచ్చ ఒక పక్క నొక్కు పడి, మెరుస్తూ, పసుపు కలిసిన గోధుమ రంగులోనో ముదురుగానో ఉంటుంది. సంచి పైన, నడుమ, అడుగున వేర్వేరుగా తీసి చూడండి. బరువైన గింజ సంచి కదిలినకొద్దీ ఒకచోటికి చేరుతుంది, పైన చూసి బాగుందనుకుంటే మోసపోతారు. ఒకసారి పిండి అయ్యాక కంటితో చేసేదేమీ లేదు.

చేలో అయితే ఇంకా సులువు. పూత కనిపించగానే పీకేయాలి, కాయ కట్టాక పీకి గట్టు మీద పడేస్తే కాయలు అక్కడే పగిలి వచ్చే ఏటికి విత్తనం అవుతుంది.

జనుము గురించి భయపడాల్సిన పని ఉందా అంటే, పచ్చిరొట్టకి లేదు. 45 రోజుల ప్రాంతంలో పూత మీద కలియదున్నేస్తాం, గింజ కట్టనే కట్టదు. మేతకి మాత్రం కాస్త చూసుకోవాలి. వరి కోతకి ముందు నిలువు చేలో చల్లిన జనుముని పూత మీద కోసి, ఎండబెట్టి, వరిగడ్డితో కలిపి వేస్తే సరే. విత్తనం కోసం వదిలిన చేలోంచి కాయలతో సహా కోసుకొచ్చి అదే ముఖ్య మేతగా నెలల తరబడి వేయడం వేరు సంగతి. జనుము గింజలో ఆల్కలాయిడ్ గిలిగిచ్చతో పోలిస్తే చాలా తక్కువే. అయినా బ్రెజిల్‌లో జనుము గింజ కలిసిన దాణా తిన్న గుర్రాలు ఊపిరితిత్తులు చెడి చచ్చిపోయిన సంగతి నమోదై ఉంది. పశువుల్లో గుర్రానికీ పందికీ ఆవుకీ ఎక్కువ ప్రమాదం. గొర్రె, మేక చాలావరకు తట్టుకుంటాయి, వాటి పొట్టలోని సూక్ష్మజీవులూ కాలేయమూ దీన్ని వేరే దారిన వదిలించుకుంటాయి. మేక తిని బాగానే ఉంది కదా అని ఆవుకి వేయకూడదు. చిక్కిపోవడం, కళ్లు పచ్చబడటం, ఊరికే ముక్కడం, పొట్ట జారడం కనిపిస్తే పశువైద్యుడికి చెప్పేటప్పుడు ఈ వారం మేత కాదు, మూడు నెలల కిందటి మేత చెప్పాలి.

డిగ్రీ కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలకి పనికొచ్చే మాటలు కొన్ని. గింజలో ఈ ఆల్కలాయిడ్ ఉందో లేదో తేల్చే పాత పరీక్ష ఎర్లిక్ రియేజెంట్‌తో, అంటే పైరోల్ తగిలితే రంగు తేలే ద్రావణంతో, చేసేది. నాకు నచ్చే పరీక్ష కూడా. ఎందుకంటే కాలేయం చేసే పనినే అది గాజు గొట్టంలో చేసి చూపిస్తుంది. గింజ పొడిని మెథనాల్‌లో తీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఎన్-ఆక్సైడ్‌గా మారుస్తారు. ఆరబెట్టి, అసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో వేడి చేస్తే నీరు ఊడి పైరోల్ పుడుతుంది. ఆపైన ఎర్లిక్ రియేజెంట్ వేసి వెచ్చబెడితే ఊదా రంగు వస్తుంది. జంట బంధం లేని హానిలేని చుట్టాలు రంగు ఇవ్వవు. తరచూ జరిగే పొరపాట్లు రెండు. పెరాక్సైడ్ పూర్తిగా పోకముందే అన్‌హైడ్రైడ్ పోయడం ఒకటి, అది ప్రమాదం కూడా. ఆకు వాడినప్పుడు పచ్చ రంగు ఊదాని కప్పేయడం రెండోది. గింజతో మొదలుపెట్టండి, అన్‌హైడ్రైడ్ పని పొగగూటిలోనే చేయండి.

ఉల్లివేరు పరీక్ష అందరూ చేసేదే. ఉల్లిగడ్డ అడుగు నీళ్లకి ఆనించి రెండు మూడు రోజులు ఉంచితే 1, 2 సెంటీమీటర్ల వేళ్లు వస్తాయి. వాటిని పరీక్షించే ద్రావణంలో 24 గంటలు ఉంచి, ఒక వంతు అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో స్థిరపరచి, 60 డిగ్రీల వేడిలో 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఐదారు నిమిషాలు మెత్తబరచి, అసిటో కార్మిన్ అద్ది నలిపి, కనీసం 1,000 కణాలు లెక్కపెడతారు. విభజనలో ఉన్నవెన్ని, తెగిన క్రోమోజోము ముక్కలు వేరుపడి చిన్న కేంద్రకాలుగా మిగిలినవెన్ని. ఇందులో చాలామంది చేసే తప్పు తీర్పు చెప్పడంలో ఉంది. ఉల్లివేరులో మన సీవైపీ3ఏ4 లేదు. మొక్క ఎంజైములు వేరు. కాబట్టి గిలిగిచ్చ కషాయంలో ఉల్లివేరు బాగానే పెరిగితే అది మనిషికి మంచిదని రాయడం తప్పు. అదే కారణంతో హెప్‌జీ2 అనే, ప్రయోగశాలల్లో పెంచే మనిషి కాలేయ క్యాన్సర్ కణాలతో చేసినా ఫలితం తక్కువ కనిపిస్తుంది, ఆ కణాల్లో ఈ ఎంజైము బాగా తక్కువ. ఎలుక కాలేయం నుంచి తీసిన ఎస్9 ద్రవం కలపాలి.

కామెట్ పరీక్షలో ఇంకో బోల్తా ఉంది. తెగిన డీఎన్‌ఏ కరెంటు పెట్టగానే తోకచుక్కలా సాగుతుంది, తోక పొడుగుని బట్టి దెబ్బ ఎంతో చెబుతారు. పైరోలిజిడిన్లు డీఎన్‌ఏని తెంచడం కంటే కుట్టడం ఎక్కువ. కుట్టిన తాడు సాగదు. తోక పొట్టిగా కనిపించి దెబ్బే లేదనిపిస్తుంది. దీన్ని పట్టాలంటే రెండు గిన్నెలు పెట్టాలి. రెండింటికీ ఒకే మోతాదులో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇచ్చి డీఎన్‌ఏని కావాలని తెంపాలి. ఆల్కలాయిడ్ ఇచ్చిన గిన్నెలో తోక ఎంత తగ్గితే అన్ని కుట్లు పడ్డట్టు.

మన శ్రీకాకుళం జిల్లాలో ఆల్కలాయిడ్, డీఎన్‌ఏ అన్న రెండు మాటలు ఒకేచోట చెప్పాలంటే అడ్డపొగని వదిలేసి చెప్పడం కుదరదు. చుట్టని నిప్పు కొస నోట్లోకి పెట్టి కాల్చడం తీరప్రాంత పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో, ఉన్న అలవాటు. 1969లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో దేశంలోని 5 జిల్లాల్లో 50,915 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించారు, వాటిలో శ్రీకాకుళం ఒకటి. అంగిలి మీద వచ్చే పుండ్లకీ క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న లంకె ఇక్కడే స్పష్టంగా కనబడింది.

నికోటిన్ కూడా ఆల్కలాయిడే, అది కూడా నేరుగా డీఎన్‌ఏని కొట్టదు. ఇక్కడ పదును రెండు మెట్లలో పడుతుంది. మొదటి మెట్టు ఆకు ఆరబెట్టి మాగబెట్టేటప్పుడే. పచ్చి ఆకులో ఉన్న నైట్రేటుని బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, అది నికోటిన్‌తోనూ దాని చుట్టాలతోనూ కలిసి ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అనే నైట్రోసమైన్లు అవుతాయి. రెండూ మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలిన ఐఏఆర్‌సీ 1వ జాబితాలో ఉన్నాయి. రెండో మెట్టు మన కణాల్లో. ఎంజైము ఎన్‌ఎన్‌కే మీద ఒక ఆక్సిజన్ తగిలించగానే అది రెండుగా విరిగి, ఒక ముక్క గ్వానిన్ 6వ చోటి ఆక్సిజన్ మీద మిథైల్ గుంపు అతికిస్తుంది. మిథైల్ అతికిన గ్వానిన్ సైటోసిన్‌తో కాక థైమిన్‌తో జత కడుతుంది. రెండు విభజనలు గడిచేసరికి అక్షరం శాశ్వతంగా మారిపోతుంది. దీన్ని ఊడదీసే ఎంజీఎంటీ అనే ప్రోటీన్ కణంలో ఉంది కానీ అది ఒక మిథైల్ తీసి తన మీద వేసుకుని తనే పనికిరాకుండా పోతుంది. ఒక దెబ్బకి ఒక ప్రోటీన్ ఖర్చు. రోజుకి పది చుట్టలు కాల్చే అంగిట్లో ఈ జమాఖర్చు ఎలా తేలుతుందో ఊహించొచ్చు. అడ్డపొగలో దానికి తోడు నిప్పు వేడి అంగిలి పొరని రోజూ కాలుస్తుంది. కాలిన పొర పూడాలంటే కణాలు గబగబా విభజన కావాలి, మరమ్మతుకి టైము చిక్కదు. అంగిలి తెల్లబడి, నడుమ ఎర్రటి చుక్కలు లేచి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే నోటి డాక్టరుకి చూపించాలి. పొగలో ఆల్కలాయిడ్ కాని విషాలు ఇంకా చాలా ఉన్నాయి, నేరమంతా నికోటిన్ మీద వేయడం లేదు.

ప్రతి విష ఆల్కలాయిడ్‌నీ డీఎన్‌ఏకి అంటగట్టే పోస్టులు ఈ మధ్య ఎక్కువయ్యాయి కాబట్టి ఒక మాట. బిళ్లగన్నేరులోని విన్‌క్రిస్టిన్, అడవినాభి దుంపలోని కోల్చిసిన్ డీఎన్‌ఏ జోలికే పోవు. క్రోమోజోములని రెండు వైపులకీ లాగే సన్నటి పోగులని పట్టుకుని విభజన ఆపేస్తాయి. బ్రహ్మదండి గింజల్లోని సాంగ్వినరిన్ బల్లపరుపు అణువు, డీఎన్‌ఏ మెట్ల మధ్య చీటీలా దూరుతుంది, కుట్టు వేయదు. ఈ గింజల నూనె ఆవనూనెలో కలుస్తుంటుంది, ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఆవనూనె వాడే ఇళ్లు ఉన్నాయి. విడి నూనె కొంటే, 5 మిల్లీలీటర్ల నూనెకి 5 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపి, ఊపి వదిలేస్తే అడుగున ఆమ్లపు పొర నారింజ లేక ఎరుపు రంగు తేలితే బ్రహ్మదండి కలిసిందని అనుమానించాలి. ఇది ఇంట్లో చేసేది కాదు, ప్రయోగశాలలో చేయించాలి.

తేలుమణి ఆకు పసరు పుండు మీద రాయడం ఒకటి, కషాయం కాచి రోజూ తాగడం ఒకటి. రెండోది ఎవరు చెప్పినా వినొద్దు. పైగా నాగదంతి అన్న పేరుతో మూలికల కొట్లో ఇచ్చేది వేరే మొక్క కావచ్చు, ఆ పేరు రెండు మూడు మొక్కలకి వాడుకలో ఉంది. కామెర్లకని ఆకు మందు వాడుతూ పొట్ట ఉబ్బినవాళ్లు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ఆకో, పొడో, తింటున్న ధాన్యం ఒక గుప్పెడో పట్టుకెళ్లాలి. మద్యం అలవాటు లేని మనిషికి, పచ్చకామెర్ల వైరస్ పరీక్షలు తేలిపోయిన మనిషికి కడుపులో నీరెందుకు చేరిందో డాక్టరుకి ఆ గుప్పెడు గింజలే చెప్పొచ్చు.

సామలు ఏరాక మిగిలిన గిలిగిచ్చ గింజలని పెరట్లో కోళ్లకి పోసేస్తుంటారు. కోడికి కూడా కాలేయం ఉంది, అది మేకలా తట్టుకోదు. దాని ఒంట్లో పడినదాంట్లో కొంత గుడ్డులోకి వస్తుంది. పేడకుప్పలో వేస్తే మొలిచి చేలోకి తిరిగొస్తాయి. పొయ్యిలో వేసి కాల్చేయండి, పొగ పక్కన కూర్చోకుండా.